హెర్న్‌హూట్ దొర: కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ (1700–1760) ఏలుబడిపై ఒక పరిశీలన

మొరేవియన్ ఉజ్జీవాన్ని గూర్చి వినని వారు మన సంఘాలలో అరుదు. 1727 ఆగస్టు 13న బెర్తెల్స్‌డార్ఫ్ దేవాలయంలో జరిగిన ప్రభురాత్రి భోజన ఆరాధన, దానిని వెంబడించిన నూరేళ్ల ప్రార్థన, అక్కడినుండి ప్రపంచం నలుమూలలకు బయలుదేరిన మిషనెరీలు – వీటిని మన ప్రసంగీకులు ఎన్నోసార్లు ఉదాహరించారు. ఆ ప్రసంగాలలో కౌంట్ నికోలస్ లుడ్విగ్ ఫాన్ జిన్‌జెన్‌డార్ఫ్ మోకాళ్లూనిన భక్తునిగా మనకు కనిపిస్తాడు. అది అబద్ధం కాదు. కాని ఆయన మోకాళ్లూనిన నేల ఎవరిది? ఆయనదే. ఆ దేవాలయానికి పాదిరిని నియమించే హక్కు ఎవరిది? అదీ ఆయనదే. చుట్టూ మోకరించినవారు చట్టం దృష్టిలో ఆయన ఏలుబడిలోని జనులు. ఈ వ్యాసంలో మేము జిన్‌జెన్‌డార్ఫ్ వేదాంతాన్ని గాని, ఆయన రచించిన కీర్తనలను గాని చర్చించబోవడం లేదు. ఆయనను ఒక చిన్న భూస్థితికి యజమానిగా చూసి, ఆ దొరతనం ఆయన కట్టిన సహోదర సంఘంలో ఎలా పనిచేసింది, ఎక్కడ కరిగింది, ఎక్కడ కరగకుండా మిగిలింది అన్నది మాత్రమే పరిశీలించదలచాము.

'దొర' అనే మాటను ఇక్కడ కావాలనే వాడుతున్నాము. తెలుగువారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. వెట్టి చేయించుకున్న భూస్వామిని దొర అన్నాము. సువార్త తెచ్చి బడి పెట్టిన తెల్ల మిషనెరీని కూడా దొరగారు అనే పిలిచాము. ఒకే మాటలో భయము, గౌరవము, కృతజ్ఞత, లోలోపలి బాధ అన్నీ కలిసిపోయాయి. ఈ రెండు అర్థాలూ ఒకే మనిషిలో కలిసి ఉంటే ఎలా ఉంటుందో జిన్‌జెన్‌డార్ఫ్ జీవితం చూపిస్తుంది.

వంశము, చదువు

జిన్‌జెన్‌డార్ఫ్ వంశం మొదట ఆస్ట్రియాకు చెందినది. తాత మాక్సిమిలియన్ ఎరాస్మస్ తన ప్రొటెస్టెంట్ విశ్వాసం నిమిత్తం ఆస్ట్రియాను విడిచి ఫ్రాంకోనియా ప్రాంతానికి వలస వచ్చాడు. తండ్రి జార్జ్ లుడ్విగ్ సాక్సనీ ప్రభుత్వంలో ఉన్నతాధికారి. నికోలస్ 1700 మే 26న డ్రెస్డెన్ నగరంలో జన్మించాడు. ఆరు వారాలకే తండ్రి క్షయవ్యాధితో మరణించాడు. 1704లో తల్లి ప్రష్యా సైన్యాధిపతి ఫాన్ నాట్స్‌మెర్‌ను పునర్వివాహం చేసుకొని వెళ్లిపోగా, బాలుడు ఎగువ లుసేషియాలోని గ్రోస్ హెన్నర్స్‌డార్ఫ్ కోటలో అమ్మమ్మ హెన్రియెట్టా కాథరీనా ఫాన్ గెర్స్‌డార్ఫ్ చేతులలో పెరిగాడు. ఈమె సామాన్యురాలు కాదు. గ్రంథభాషలు నేర్చిన విదుషీమణి, భక్తి ఉద్యమానికి అండగా నిలిచిన జమీందారిణి. ఆ ఉద్యమ పితామహుడైన ఫిలిప్ యాకోబ్ స్పెనర్ ఈ బాలునికి జ్ఞానపిత.

1710 నుండి 1716 వరకు ఆయన హల్లె పట్టణంలో ఆగస్ట్ హెర్మాన్ ఫ్రాంకె నడిపిన పాఠశాలలో చదివాడు. ఫ్రాంకె భోజనపు బల్ల దగ్గర తరంగంబాడి నుండి వచ్చిన మిషనెరీలను ఈ విద్యార్థి చూశాడు, వారి మాటలు విన్నాడు. అందువలన హిందూదేశం పేరు ఆయన చెవిని పడింది చిన్ననాడే. హల్లెతో మనకు ఇంకొక బంధం కూడా ఉంది. తెలుగులోనికి బైబిలు అనువదించడానికి శ్రమించిన బెంజమిన్ షుల్జ్ హల్లె నుండి వచ్చినవాడే. 1743లో తిరిగి అక్కడికే చేరి, ఆ దశాబ్దంలోనే తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేయించాడు. అయితే అప్పటికి హల్లెకు, జిన్‌జెన్‌డార్ఫ్‌కు మధ్య మాటలు పోయి చాలా కాలమైంది. ఆ సంగతి చివర మళ్లీ వస్తుంది.

ఆయన వేదాంతం చదవాలనుకున్నాడు, కుటుంబం ఒప్పుకోలేదు. కౌంట్ బిరుదు ఉన్నవాడు పాదిరి కావడం ఆ రోజులలో కులం తప్పడం వంటిది. కనుక 1716లో విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదవవలసి వచ్చింది. 1721లో డ్రెస్డెన్ ఆస్థానంలో న్యాయ సలహాదారుగా చేరాడు. ఆ ఉద్యోగం మీద ఆయనకు మనస్సు లేదు. ఆదివారాలు ఇంటిలో బైబిలు కూటాలు నడుపుకుంటూ కాలం గడిపాడు.

ఒక చిన్న దొర ఏమి చేయగలడు?

పద్దెనిమిదవ శతాబ్దపు జర్మనీ ఒక దేశం కాదు. పరిశుద్ధ రోమా సామ్రాజ్యం అనే పేరు క్రింద మూడువందలకు పైగా రాజ్యాలు, సంస్థానాలు, స్వతంత్ర నగరాలు ఉండేవి. జిన్‌జెన్‌డార్ఫ్ బిరుదులో సామ్రాజ్య కౌంట్. కాని చక్రవర్తికి నేరుగా లోబడిన సంస్థానమేదీ ఆయనకు లేదు. నాణెం ముద్రించలేడు, సైన్యం పెట్టలేడు. సాక్సనీ ఎలెక్టర్ క్రింద ఒక భూస్వామి, అంతే. 1722 మే నెలలో ఆయన తన అమ్మమ్మ వద్ద బెర్తెల్స్‌డార్ఫ్ భూస్థితిని కొన్నాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 7న రాయ్స్ ఎబర్స్‌డార్ఫ్ సంస్థానపు ఆడబిడ్డ ఎర్డ్‌మూత డొరొతియాను వివాహమాడాడు.

అయితే ఊరిలోపల ఈ చిన్న దొర పెద్ద దొరే. ఎగువ లుసేషియాలో రైతు భూమికి, భూమి దొరకు కట్టుబడి ఉండేవాడు. దొర పొలంలో వెట్టి చేయాలి. దొర అనుమతి లేనిదే ఊరు విడిచి పోరాదు. తగవులు తీర్చే ప్రాథమిక న్యాయస్థానం కూడా దొరదే. దేవాలయానికి పాదిరిని ఎంపిక చేసేది దొర. జిన్‌జెన్‌డార్ఫ్ మొదట వాడిన హక్కులలో ఈ చివరిది ఒకటి: యోహాన్ ఆండ్రియాస్ రోథె అనే మంచి ప్రసంగీకుని బెర్తెల్స్‌డార్ఫ్‌కు పిలిపించాడు. అనగా ఊరి ఉజ్జీవానికి మొదటి మెట్టు దొరతనపు హక్కే. మా వ్యాసంలోని వాదన అంతా దీనిలోనే ఉంది. జిన్‌జెన్‌డార్ఫ్ తన అధికారాన్ని పక్కన పెట్టి మేలు చేసినవాడు కాడు. అధికారంతో మేలు చేసినవాడు. కనుక ఆయన చేసిన మేలుకూ, ఆయన వలన కలిగిన గాయాలకూ వేరు ఒక్కటే.

1722లోనే మొరేవియా నుండి మొదటి శరణార్థులు వచ్చారు. మొరేవియా కాథలిక్ హాప్స్‌బర్గ్ ప్రభువుల క్రింద ఉండేది. యాన్ హుస్ వారసత్వానికి చెందిన పురాతన సహోదర సంఘపు వారు అక్కడ రహస్యంగా తమ విశ్వాసాన్ని కాపాడుకుంటూ వచ్చారు. క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి వారిలో కొందరిని రాత్రివేళ సరిహద్దు దాటించి తీసుకువచ్చాడు. జూన్ 17న హుట్‌బర్గ్ కొండ దిగువన బాటప్రక్క మొదటి చెట్టు నరికాడు. ఆ స్థలం ఇచ్చింది దొరగారి నిర్వాహకుడు హైట్స్. దొర అప్పుడు ఊరిలో లేడు. ప్రభువు కాపుదల అనే అర్థం వచ్చేటట్టు ఆ పల్లెకు హెర్న్‌హూట్ అని పేరు పెట్టినదీ ఆ నిర్వాహకుడే. చరిత్రలో నిర్వాహకుల పేర్లు అరుదుగా నిలుస్తాయి, అందుకే ఇక్కడ చెబుతున్నాము.

ఒక విషయాన్ని ప్రసంగీకులు తరచుగా వదిలివేస్తారు. మొరేవియా నుండి పారిపోయి వచ్చిన వీరు అక్కడ వేరొక దొర మనుషులు. వారు పారిపోవడం అంటే ఆ దొరకు పనివారు పోవడం. కనుక వియన్నా ఆస్థానం దృష్టిలో జిన్‌జెన్‌డార్ఫ్ భక్తుడు కాడు, ఇరుగు పొరుగు దొరల మనుషులను ఆకర్షించి తెచ్చుకొంటున్న భూస్వామి. ఈ ఫిర్యాదు చక్రవర్తి నుండి సాక్సనీకి వెళ్లింది, అది పది సంవత్సరాల తరువాత ఆయన మెడకు చుట్టుకొంది.

ఒకే రోజు రెండు పత్రాలు

1727 నాటికి హెర్న్‌హూట్ జనాభా సుమారు 300. మొరేవియా వారితో పాటు లూథరనులు, రిఫార్మ్‌డ్ సంఘస్థులు, ఏ సంఘానికీ చెందనివారు కూడా వచ్చి చేరారు. కలహాలు మొదలయ్యాయి. క్రూగర్ అనే వాడు రోథెను, జిన్‌జెన్‌డార్ఫ్‌ను ప్రకటన గ్రంథంలోని మృగమూ అబద్ధప్రవక్తా అనే స్థాయికి దూషించాడు. అంతవరకు వినయంగా ఉన్నవారు కూడా అతని మాట విన్నారు. డ్రెస్డెన్ ఉద్యోగానికి సెలవు పెట్టి దొర ఊరికి వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి మాట్లాడాడు.

మే 12న అందరినీ సమావేశపరచి రెండు పత్రాలను ముందుంచాడు. మొదటిది దొరగా ఆయన ఇచ్చిన ఆజ్ఞలు, నిషేధాలు. హెర్న్‌హూట్‌లో నివసించే ప్రతివాడూ వీటికి లోబడవలసినదే. రెండవది సహోదర ఒడంబడిక. దీనికి ఎవరినీ బలవంతపెట్టలేదు. ఇష్టపడి చేతిలో చేయి వేసి అంగీకరించినవారికే అది వర్తిస్తుంది. హెర్న్‌హూట్ నివాసులు ఎన్నటికీ బానిసత్వానికి, వెట్టికి లోబడరని ఆ రోజు శాసనాలు ప్రకటించాయి. ఇతర క్రైస్తవ సంఘాలలోని దేవుని పిల్లలతో ప్రేమ కలిగి ఉండాలని చెప్పాయి. పెద్దలుగా పన్నెండుమందిని ఎన్నుకున్నారు. క్రిస్టియన్ డేవిడ్ వంటి వడ్రంగి పెద్ద అయ్యాడు. దొర మాటను వడ్రంగి వినవలసిన ఊరిలో, ఆత్మీయ విషయాలలో వడ్రంగి మాటను దొర వినే ఏర్పాటు ఇది.

ఈ రెండు పత్రాల ఏర్పాటును చాలామంది చరిత్రకారులు పౌర విషయాలకు ఒకటి, ఆత్మీయ విషయాలకు ఒకటి అని సులువుగా విభజించి ముందుకు పోతారు. మేము ఇక్కడ కొంచెం ఆగదలచాము. దేవుని యెదుట సమానులైనవారి ఒడంబడిక నిలబడడానికి, దాని క్రింద అసమానుల మధ్య చెల్లే ఆజ్ఞాపత్రం ఒకటి కావలసి వచ్చింది. వెట్టి నుండి విడుదల ఒడంబడిక వలన రాలేదు. వెట్టి తీసుకొనే హక్కు ఉన్నవాడు దానిని వదులుకున్నాడు కనుక వచ్చింది. హక్కు లేనివాడు వదులుకోవడానికి ఏముంది? అది నిజమైన త్యాగమే, దానిని తక్కువ చేయరాదు. కాని ఆ విడుదల హెర్న్‌హూట్ నివాసులకు దొర ఇచ్చిన ప్రత్యేక వరం. భూస్వామ్య పద్ధతి మీద తీర్పు కాదు. సాక్సనీలో రైతులకు ఈ కట్టుబాటు నుండి చట్టప్రకారం విడుదల 1832లో గాని రాలేదు.

ఆ వేసవిలోనే జిట్టావు గ్రంథాలయంలో కొమేనియస్ ప్రచురించిన పురాతన సహోదర సంఘ క్రమశిక్షణ గ్రంథం జిన్‌జెన్‌డార్ఫ్‌కు దొరికింది. తాము వ్రాసుకొన్న ఒడంబడికకు, దానికి ఉన్న పోలిక చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. ఆగస్టు 13న ప్రభుభోజన ఆరాధనలో విరోధులు ఒకరినొకరు క్షమించుకున్నారు. ఆగస్టు 27న పగలు రాత్రి గంట గంటకు సాగే విజ్ఞాపన ప్రార్థన ఆరంభమైంది. 1728లో రోజుకొక వాక్యం ఇచ్చే పద్ధతి మొదలై, 1731 నుండి పుస్తకంగా అచ్చయింది. అది నేటికీ సాగుతున్నది. ఈ సంగతులు మన పాఠకులకు తెలిసినవే గనుక విస్తరించడం లేదు. 1730లో పద్నాలుగేళ్ల అన్నా నిట్ష్‌మాన్ అనే రైతుబిడ్డ చీట్లు వేయగా స్త్రీల పెద్దగా ఎన్నికైన సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. దొరగారికి ఆమె మరీ చిన్నదనిపించింది. చీటి తీర్పును కాదనడానికి వీలులేకపోయింది.

భూమి భార్య పేర, దొర పరదేశంలో

1731లో ఆరవ క్రిస్టియన్ రాజు పట్టాభిషేకానికి జిన్‌జెన్‌డార్ఫ్ కోపెన్‌హాగన్ వెళ్లాడు. అక్కడ బంధుత్వాలు, పరిచయాలు ఉన్నాయి, మంచి ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ కూడా ఉంది. ఉద్యోగం రాలేదు, డానెబ్రోగ్ అనే గౌరవ పతకం వచ్చింది. కాని అక్కడ సెయింట్ థామస్ ద్వీపం నుండి వచ్చిన ఆంటన్ అనే నల్లజాతి సేవకుడు కలిశాడు. బానిసత్వంలో ఉన్న తన సహోదరి సువార్త వినగోరుతున్నదని అతడు చెప్పిన మాట, ఆ తరువాత అతడే స్వయంగా హెర్న్‌హూట్‌కు వచ్చి చెప్పిన సాక్ష్యం, 1732 ఆగస్టులో కుమ్మరి లెనార్డ్ డోబర్‌ను, వడ్రంగి డేవిడ్ నిట్ష్‌మాన్‌ను కరీబియన్ సముద్రానికి పంపాయి. మరుసటి సంవత్సరమే గ్రీన్‌లాండ్. సంపన్నులు గాని పండితులు గాని కాక చేతిపని చేసుకొనేవారు మిషనెరీలుగా వెళ్లారు.

ఇంతలో సాక్సనీ ప్రభుత్వం హెర్న్‌హూట్ మీద విచారణ సంఘాన్ని పంపింది. పరిస్థితి చూసి జిన్‌జెన్‌డార్ఫ్ 1732లో భూస్థితి అంతా భార్య పేర వ్రాసి ఇచ్చాడు. ఇది ముందుచూపుతో చేసిన పని. 1736లో ఆయనను దేశం నుండి బహిష్కరించారు. ఊరు మాత్రం చేజారలేదు. ఇక్కడ ఎర్డ్‌మూత డొరొతియాను గూర్చి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పొలాలు, అప్పులు, పనివారు, వచ్చిపోయే అతిథులు, దేశదేశాలకు పోయే మిషనెరీల ఖర్చులు – ఈ భారమంతా మోసినది ఆమె. పన్నెండుమంది బిడ్డలను కన్నది, నలుగురే పెద్దవారయ్యారు. కౌంట్‌ను గూర్చి గ్రంథాలు అల్మారాలు నింపుతాయి. ఆమె లెక్కల పుస్తకాలు లేకపోతే ఆ గ్రంథాలలో వ్రాయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

బహిష్కృతుడైన దొర యాత్రిక సంఘంతో తిరిగాడు. అప్పటికే, 1734లో, పరీక్ష ఇచ్చి బోధకునిగా అంగీకారం పొందాడు. 1737లో బెర్లిన్‌లో డానియేల్ ఎర్న్‌స్ట్ యబ్లాన్‌స్కీ చేతులమీదుగా బిషప్పుగా అభిషేకం పొందాడు. చిన్ననాడు కుటుంబం అడ్డగించిన కోరిక తీరింది. అయితే కౌంట్ బిరుదు పోయి బిషప్ బిరుదు రాలేదు. రెండూ కలిసి ఒకే మనిషిలో నిలిచాయి.

సెయింట్ థామస్‌లో వినిపించిన దొర గొంతు

1739 జనవరి చివరలో జిన్‌జెన్‌డార్ఫ్ స్వయంగా సెయింట్ థామస్ ద్వీపానికి చేరాడు. అక్కడ తన మిషనెరీలు చెరసాలలో ఉన్నారని తెలిసింది. వారిలో మాథ్యూస్ ఫ్రాయిండ్‌లిష్, ఆయన భార్య రెబెకా ఉన్నారు. రెబెకా బానిసగా ఉండి విడుదలైన మిశ్రమ జాతి స్త్రీ, తోటల వెంట తిరిగి వందలమందికి సువార్త చెప్పిన బోధకురాలు. కౌంట్ గవర్నరుతో మాట్లాడగానే చెరసాల తలుపులు తెరచుకొన్నాయి. వడ్రంగులు, కుమ్మరులు ఎన్ని నెలలు బ్రతిమాలినా జరగనిది కౌంట్ బిరుదుకు రోజులలో జరిగింది.

ఫిబ్రవరిలో తిరిగి వెళ్లబోయే ముందు ఆయన అక్కడి బానిస విశ్వాసులకు వీడ్కోలు ప్రసంగం చేశాడు. అది తరువాత అచ్చయింది. యజమానులకు లోబడుమన్నాడు. రాజులను, యజమానులను, సేవకులను, బానిసలను వారి వారి స్థానాలలో ఉంచినది దేవుడే అన్నాడు. మారుమనస్సు చెడు తలంపుల నుండి విడిపిస్తుంది గాని యజమాని పని నుండి విడిపించదన్నాడు. నల్లజాతివారి మొదటి పితరులను దేవుడు బానిసత్వంతో శిక్షించాడని కూడా అన్నాడు. ఈ చివరి మాటకు లేఖనంలో ఆధారం లేదు. నోవహు శపించినది కనానును. ఆ శాపాన్ని ఆఫ్రికా మీదికి త్రిప్పినది బానిస వ్యాపారం చేసిన కాలపు వ్యాఖ్యానం.

కాలమే అటువంటిది, అందరూ అలాగే అనుకొనేవారు అని ఇక్కడ సమర్థించేవారున్నారు. ఆ సమర్థన కౌంట్‌కు అంత సులభంగా అతకదు. వెట్టి లేని ఊరిని శాసనంతో స్థాపించినవాడు ఆయనే, అప్పటికి పన్నెండేళ్ల క్రిందటే. కట్టుబాటు నుండి విడుదల సాధ్యమని ఆయనకు తెలుసు. తన నేల మీద చేయగలిగినదానిని పరుల నేల మీద చేయమని అడగడం వేరు సంగతి. అలా అడిగి ఉంటే తోటల యజమానులు మిషన్‌ను ఒక్క రోజు కూడా ఉండనిచ్చేవారు కారన్నది నిజమే. ఆ భయం వలన మౌనంగా ఉండడాన్ని అర్థం చేసుకోవచ్చు. ఆయన మౌనంగా ఉండలేదు, యజమాని పక్షాన దేవుని నిలబెట్టాడు. పైగా మిషన్ అప్పటికే అక్కడ ఒక తోటను కొన్నది. తోటతో పాటు బానిసలు కూడా దాని సొత్తయ్యారు. హెర్న్‌హూట్‌లో వెట్టి వదులుకొన్న దొర సంఘం ద్వీపంలో బానిసల యజమాని అయింది. పై మెట్టు మీద ఉన్నవాడు దిగి వచ్చి కౌగిలించుకోగలడు, కాని మెట్లే ఉండరాదని ఆయనకు తోచలేదు. మన ప్రాంతాలలో మాలపల్లె, మాదిగపల్లె సంఘాల చరిత్ర ఎరిగినవారికి ఈ తేడాను వివరించవలసిన పని లేదు.

అయితే ఆ ఓడలో కౌంట్‌తో పాటు వేరే కాగితాలు కూడా ప్రయాణం చేశాయి. ఆ ద్వీపపు విశ్వాసులు డెన్మార్క్ రాజుకు, రాణికి వ్రాసుకొన్న విన్నపాలు అవి. సువార్త నేర్చుకొంటున్నందుకు తెల్లవారు తమను కొడుతున్నారని, ఎగతాళి చేస్తున్నారని అందులో ఉంది. రాణి సోఫియా మాగ్దలేనాకు వెళ్లిన విన్నపం నల్లజాతి స్త్రీల పేరిట మాగ్దలేనా అనే వృద్ధురాలు చెప్పి వ్రాయించినది. ఆమె ఆఫ్రికా పేరు దామ్మా. తన మాతృభాషలోనే ఆమె మాటలు కాగితం మీదికి ఎక్కాయి. తాము ప్రభువును సేవించుకొనేటట్టు రాజుతో చెప్పమని ఆమె రాణిని అడిగింది. ఆ విన్నపాలను మోసుకువెళ్లి చేర్చినది జిన్‌జెన్‌డార్ఫే, వాటిని తన సంకలనంలో అచ్చు వేయించినదీ ఆయనే. తన ప్రసంగాన్నీ అదే సంకలనంలో వేయించాడు. రెండింటినీ పక్కపక్కన చదివే అవకాశం మనకు ఆయన వలననే దొరికింది.

బిరుదు తీసివేస్తే పోతుందా?

1741 చివరలో ఆయన అమెరికాలోని పెన్సిల్వేనియా చేరాడు. ఆ సంవత్సరం క్రిస్మస్ ముందు రాత్రి అక్కడి కొత్త గ్రామానికి బేత్లెహేము అని పేరు వచ్చింది. 1742లో ఫిలడెల్ఫియాలో ప్రముఖుల ఎదుట తన కౌంట్ బిరుదును వదులుకొంటున్నానని లాటిన్ భాషలో ప్రకటించాడు. తనను ఫాన్ థూర్న్‌స్టైన్ అని పిలవమన్నాడు. జనం వినలేదు, కౌంట్ అనే పిలిచారు. ఆయన ప్రవర్తన కూడా కౌంట్ లాగానే ఉందని అక్కడి జర్మన్ సంఘాలవారు సణిగారు. అందులో కొంత అసూయ ఉండవచ్చు, కొంత నిజమూ ఉంది.

ఈ కాలంలోనే జరిగిన ఇంకొక సంగతి చూడండి. 1741 సెప్టెంబరులో లండన్ సభలో సంఘమంతటికీ ప్రధాన పెద్ద పదవి మోయలేనని డోబర్ తప్పుకొన్నాడు. మనుషులలో ఎవరినీ ఆ స్థానంలో పెట్టక, యేసుక్రీస్తే తమ ప్రధాన పెద్ద అని సహోదరులు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ పదవికి మనిషి అంటూ ఇక ఉండడు. వినడానికి ఎంతో హృద్యంగా ఉంది. కాని 1743లో కౌంట్ అమెరికా నుండి తిరిగి వచ్చేసరికి, తాను లేనప్పుడు సహచరులు ప్రష్యా రాజు వద్ద ప్రత్యేక సంఘంగా గుర్తింపు తెచ్చుకొన్నారు. లూథరన్ సంఘం లోపలి సహవాసంగా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఆగ్రహించాడు. ఆ సంవత్సరమే సంఘం ఆయనను సర్వాధికారాలు గల సేవకునిగా నియమించింది. పదవి పేరు సేవకుడు, చేతిలో సర్వాధికారం. పరలోకంలో ప్రధాన పెద్ద, భూమిమీద దొర: మధ్యలో ప్రశ్నించేవారు లేరు.

ప్రశ్నించేవారు లేనిచోట ఏమి జరుగుతుందో వెట్టెరావు ప్రాంతంలోని హెర్న్‌హాగ్ చూపింది. బహిష్కరణ కాలంలో 1738లో ఇసెన్‌బుర్గ్ బ్యూడింగెన్ కౌంట్ ఎర్న్‌స్ట్ కాసిమిర్ ఇచ్చిన నేల మీద కట్టిన ఊరు అది. సుమారు వెయ్యిమంది అయ్యారు. 1740లలో అక్కడి యువకులలో క్రీస్తు ప్రక్క గాయాన్ని గూర్చిన భక్తి హద్దులు దాటి పసివారి ఆటలాగా, పండుగ వేడుకలాగా మారింది. అక్కడ నాయకుడు కౌంట్ కుమారుడు క్రిస్టియన్ రెనాటస్. దొర కొడుకును ఎవరు గద్దిస్తారు? విమర్శకుల కరపత్రాలు యూరప్ అంతా వ్యాపించిన తరువాత, 1749లో గాని తండ్రి కఠినమైన లేఖ వ్రాసి కుమారుని లండన్‌కు పిలిపించుకోలేదు. క్రిస్టియన్ రెనాటస్ 1752లో అక్కడే మరణించాడు. వయస్సు ఇంకా ఇరవై ఐదు నిండలేదు.

ఆ ఊరు కూలిపోయినది మాత్రం భక్తి హద్దు మీరినందువలన కాదు. 1749లో ఎర్న్‌స్ట్ కాసిమిర్ మరణించగా, కుమారుడు గుస్తావ్ ఫ్రెడరిక్ అధికారానికి వచ్చాడు. 1750 ఫిబ్రవరిలో ఆజ్ఞ జారీ చేశాడు: జిన్‌జెన్‌డార్ఫ్‌ను విడిచి తనకు విధేయతా ప్రమాణం చేయాలి, లేదా మూడేళ్లలో ఊరు ఖాళీ చేయాలి. ఒక చిన్న దొర తన నేల మీద ఇంకొక చిన్న దొర మాట చెల్లడాన్ని సహించలేదు. హెర్న్‌హాగ్ వారు తలుపులు మూసుకొని బయటికి నడిచారు. 1753 నాటికి ఊరు ఖాళీ. కౌంట్ మీద వారికున్న ప్రేమకు ఇది గొప్ప సాక్ష్యం. వెయ్యిమంది ఇండ్లు, మగ్గాలు, తోటలు ఒక మనిషి పేరు మీద పోవడం కూడా నిజమే.

చివరి సంవత్సరాలు

1747లో సాక్సనీ బహిష్కరణను ఎత్తివేసింది. 1749లో హెర్న్‌హూట్ సంఘాన్ని ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణానికి చెందినదిగా గుర్తించింది. ఆయన కొన్నేళ్లు లండన్‌లో ఉన్నాడు. 1753లో అప్పులవాళ్లు చుట్టుముట్టగా సంఘం దివాలా అంచు దాకా వెళ్లింది. 1756 జూన్‌లో ఎర్డ్‌మూత కన్నుమూసింది. మరుసటి సంవత్సరం జూన్ 27న ఆయన అన్నా నిట్ష్‌మాన్‌ను వివాహమాడాడు. పద్నాలుగేళ్ల వయస్సులో చీటితో పెద్ద అయిన ఆ రైతుబిడ్డే ఈమె. అంతరం దాటిన ఈ వివాహాన్ని కొంతకాలం బయటికి చెప్పలేదు. పెద్దింటి బంధువులు ఏమంటారోనన్న జంకు ఇంకా ఉండిపోయింది. సంఘ కూటంలో సహోదరి అయినంత మాత్రాన కోటలో కోడలు కాలేకపోయింది.

1760 మే 9న జిన్‌జెన్‌డార్ఫ్ హెర్న్‌హూట్‌లో మరణించాడు. పన్నెండు రోజులకు, మే 21న అన్నా కూడా మరణించింది. అదే సంవత్సరం మొరేవియన్ సహోదరుల మొదటి బృందం తరంగంబాడిలో దిగింది. అక్కడ హల్లె మిషనెరీలు వారిని సహోదరులుగా కాక పోటీదారులుగా చూశారు. ఫ్రాంకె వారసులకు, కౌంట్‌కు నడుమ యూరప్‌లో రగిలిన వైరం ఓడెక్కి మన తీరం దాకా వచ్చింది. ఊరి వెలుపల తోట వేసుకొని, చేతిపనులతో బ్రతుకుతూ, అక్కడినుండి నికోబారు దీవులకు, సీరాంపూర్‌కు కూడా వెళ్లారు. జ్వరాలకు చాలామంది బలి అయ్యారు. శతాబ్దం మారేసరికి ఆ పని ఆగిపోయింది.

హుట్‌బర్గ్ కొండ మీద హెర్న్‌హూట్ సమాధుల తోట ఇప్పటికీ ఉంది. 2024లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. తోటలో పురుషులు ఒకవైపు, స్త్రీలు ఒకవైపు. వడ్రంగికీ, వైద్యునికీ, బిషప్పుకూ అందరికీ నేలకు సమంగా పరచిన ఒకే విధమైన పలకలు. ఏది ఎవరిదో వంగి చదివితే గాని తెలియదు. మధ్య బాటలో మాత్రం కొన్ని సమాధులు నేలకంటె ఎత్తుగా, పెద్ద రాతి పెట్టెలవలె కట్టబడి ఉన్నాయి. అవి కౌంట్‌వి, ఆయన కుటుంబానివి. ఆయన సమాధికి ఒక ప్రక్క ఎర్డ్‌మూత, రెండవ ప్రక్క అన్నా.